సైరన్ మోగితే ఎటు?

పోయిన వారం మనం ఫెబా టీచర్ని బడి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో రిజిస్టరు, మెడలో ఈల, నెత్తిమీద నాలుగు రోజులుగా తెరిపివ్వని వాన. వాగొడ్డు బస్తీలో నూట ముప్పై ఇళ్లు. వాగు పొంగితే ఆ ఇళ్లన్నీ ఖాళీ చేసి జనమంతా గుట్ట మీది బడికి ఎక్కాలి. అందుకోసం వరద కమిటీ రెండు నెలలు కూర్చుని ప్రణాళిక రాసింది. వాగు అవతల బాయి ఉంది. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఆ బాయి సైరన్ నిమిషం మోగి, నిమిషం ఆగి, అలా మూడుసార్లు మోగితే వరద వస్తోందని అర్థం. విన్నవాళ్లు కట్టుబట్టలతో గుట్ట ఎక్కాలి. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు దానికి డ్రిల్లు పెట్టారు. పదకొండయింది, సైరన్ మోగింది. సరిగ్గా అక్కడ ఆపాం.

మొదటి మోత అయిపోయింది. గుట్ట దారి ఖాళీగా ఉంది. బడి పిల్లలు ఎలాగూ బడిలోనే ఉన్నారు. వాళ్లు కాక ఎనిమిది మంది తల్లులు, ఆటోలో ఎక్కించుకొచ్చిన ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. అంతే! నాలుగు వందల అరవై మంది ఉన్న బస్తీలో పిల్లలతో కలిపి ముప్పై ఏడుగురు. ఫెబా రిజిస్టరు మూసి మళ్లీ తెరిచింది. చెప్పని ఇల్లు లేదు కదా అనుకుంది. సదయ్య మూడు రోజులు డప్పు కొట్టి చాటాడు. తను ప్రతి గడపా ఎక్కి, ఏ దారిన నడవాలో వేలు పెట్టి మరీ చూపించింది.

వరండా చివరికి వెళ్లి కిందికి చూసింది. 

బస్తీ అంతా పరిగెత్తుతోంది. గుట్ట వైపు కాదు, వాగు వైపు. ఆడవాళ్లు కొంగులు నడుముకు చెక్కి, కాళ్లకు చెప్పులైనా లేకుండా, లోలెవెల్ వంతెన మీదుగా బాయి గేటుకు పోతున్నారు. వాగు పొంగితే అన్నిటికంటే ముందు మునిగేది ఆ వంతెనే. పొరపాటున కూడా దాని మీద కాలు పెట్టొద్దని ప్రణాళిక మొదటి పేజీలో ఉంది. ఆ పేజీ రాసింది ఫెబా.

"అయ్యో దేవా! ఎటు పోతున్నరు మీరంత!" అని అరిచింది. ఈల ఊదింది. వానలో ఆ ఈల పది గజాలు కూడా పోలేదు. రిజిస్టరు కుర్చీలో పడేసి తనూ కిందికి పరిగెత్తింది.

ఆమె గేటు దగ్గరికి చేరేసరికి మూడో మోత మొదలైంది. అది డ్రిల్లని జనానికి అప్పటికి గుర్తొచ్చింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో భోరుమన్నారు. గేటు దగ్గరి కాపలా మనిషి బిత్తరపోయి, ఏమైందని వీళ్లనే అడుగుతున్నాడు. అందరికంటే ముందు, గేటు చువ్వ ఒక చేత్తో పట్టుకుని రొప్పుతోంది సారవ్వ. డెబ్బై ఏళ్ల మనిషి. పప్పు గరిటె ఇంకా పిడికిట్లోనే ఉంది.

"అవ్వా! నిన్న గూడ చెప్పిన గద నీకు, సైరన్ మోగితే బడికి రావాలెనని!"

"చెప్పినవ్ బిడ్డా, నేను కాదంటున్ననా? పొయ్యి బంద్ జేసిన. తలుపు దగ్గరికేసిన. బడికే పోదామని గడప దిగిన. సైరన్ ఇనంగనే కాళ్లు గిటు తిరిగినయ్. నన్నేం జెయ్యమంటవ్?"

ఆ గుంపులోనే, లుంగీ మీద, తడిసి ముద్దయి, ఫెబా మొగుడు జాన్ ప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఆ బాయిలోనే పని అతనిది. ఆ వారం రెండో షిఫ్టు. ఫెబాకు మండిపోయింది.

"నువ్వేందయ్యా? డ్యూటీ మూడింటికి గద? ఇంట్ల ఉన్నోనివి నువ్వెందుకు ఉరికినవ్?"

"గదే నాకూ సమజైతలేదు," అని తల గోక్కున్నాడు జాన్. "బాయిల ఎవలికో ఏమో అయిందని ఉరికిన. సగం దూరం వచ్చినంక యాదికొచ్చింది, పొద్దున్నుంచి నీ డ్రిల్లు కాయితాలు మడత పెట్టింది నేనేనని."

"నీ కోసం నువ్వే ఉరికినవ్ పో. ఇంకెవలిని అనాలె నేను!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫెబా మాత్రం నవ్వలేకపోయింది.

ఆ తప్పు ఇంకే ఊరివాళ్లూ చెయ్యరు. ఇక్కడివాళ్లు చెయ్యకుండా ఉండలేరు. పొద్దున ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు మోగే సైరన్‌తో ఈ బస్తీకి పేచీ లేదు. దాన్ని బట్టే అన్నం పొయ్యి మీదకెక్కుతుంది, పిల్లలు బడికి కదులుతారు. ఆ మూడు వేళలు కాక ఇంకెప్పుడు మోగినా దానికి ఒకటే అర్థం. బాయి లోపల ఎవరికో ఏదో అయ్యింది. అప్పుడు పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లు గేటుకు పరిగెత్తుతారు. ఎవరి మొగుడో, ఎవరి కొడుకో తెలిసేదాకా అక్కడే నిలబడతారు. మూడు తరాలుగా ఇదే రివాజు. ఒకటోసారి మోగి ఆగుతుందా, మూడుసార్లు మోగుతుందా అని చెవిపెట్టి లెక్కపెట్టే తీరిక ఎవరికుంటుంది? మొదటి మోతకే కాళ్లు లేస్తాయి.

మరి కమిటీకి ఈ మాట ఎందుకు తట్టలేదు? ఏడుగురిలో ఐదుగురు బాయి మనుషులు. సైరన్ మోగిన ప్రతిసారీ వాళ్లు లోపలో, గేటుకు అవతలో ఉన్నారు. బస్తీలోంచి వాళ్ల కోసం పరిగెత్తుకొచ్చిన దారి ఎలా ఉంటుందో ఒక్కరూ చూడలేదు. ఫెబా మాత్రం చూసింది. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఆ దారిలో తనూ పరిగెత్తింది. అయినా రెండు నెలలు కూర్చుని రాస్తూ ఆ సంగతే మర్చిపోయింది. అది తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

ఒంటిగంటన్నరకు జాన్ టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి బయలుదేరాడు.

"వంతెన మునిగితే రాత్రి రాకు. ఆడనే ఉండు," అంది ఫెబా.

"టీచరమ్మ ఆర్డరైతే కాదంటమా? నువ్వు మాత్రం సైరన్ మోగిందని గేటు కాడికి రాకు మళ్ల," అని నవ్వి వెళ్లాడు. ఆమె గడపలో నిలబడి, అతను వంతెన దాటేదాకా చూసింది.

రెండింటికి బడిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు గట్టయ్య. బాయిలో ముప్పై నాలుగేళ్లు చేసి ఓవర్‌మన్‌గా దిగిపోయిన మనిషి. అంటే ఒక షిఫ్టు జనాన్నంతా లోపలికి దించి, లెక్క తప్పకుండా పైకి తేవలసినవాడు. డెబ్బై రెండేళ్లొచ్చినా గొంతు తగ్గలేదు. సైరన్ ఆయన ఆలోచనే. బాయి ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగి అనుమతి తెచ్చింది కూడా ఆయనే. సైరన్ దగ్గర ఉండే జైపాల్‌కు ఆయన చెప్పి పెట్టింది ఒకటే మాట. వంతెన పక్క రాయి మీది ఎర్ర గీతను నీళ్లు తాకితే ఎవరినీ అడక్కు, మోగించు.

"ఒక్క డ్రిల్లుకే బేజారైతవేంది టీచరమ్మా? ఇంకో రెండుసార్లు జేస్తే జనానికి అలవాటైతది," అన్నాడు గట్టయ్య.

"రెండుసార్లు జేసేదాక వాగు ఆగుతదా కాకా? పొద్దున గీతకు రెండు మూరలు తక్కువుండె నీళ్లు. ఇప్పుడు మూరెడే ఉన్నది."

"అయితే ఏమంటవ్?"

"సైరన్ వద్దంటున్న."

గట్టయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పంచాయతీ కార్యదర్శి రఘుపతి ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. "మండలానికి పోయిన కాగితంల సైరన్ అనే ఉన్నది టీచర్. మార్చాలంటే మళ్ల తీర్మానం గావాలె, మళ్ల సంతకాలు..."

"సంతకం పెట్టేటోళ్లందరు గిక్కడనే కూసున్నరు గద సార్! రాయుర్రి, నేనే ముందు పెడుత."

"నువ్వాగు రఘుపతీ," అన్నాడు గట్టయ్య. "బిడ్డా, బాయి సైరన్ నాలుగూర్లకు ఇనవడ్తది. గింత వానల ఇంకేమినవడ్తది మనకాడ? నీ ఈలనా?"

"ఇనవడ్తది కాకా. నా ఫికరంత గదే. మోత ఎటుకెళ్లి వస్తే మనుషులు అటే పోతరు. నీ సైరన్ వాగు అవుతలికెళ్లి మోగుతది. పొద్దున కండ్లార సూసిన. మనం జనాన్ని నీళ్లకెళ్లి బయటికి పిలుస్తలేం. తీస్కపోయి నీళ్లల్లనే నిలవెడుతున్నం. వంతెన మీద నీళ్లుండంగ గట్ల ఉరికితే ఎంతమందిమి మిగులుతం చెప్పు?"

"చెప్పితే ఇంటరు జనం. మళ్ల చెప్పుదాం."

"సారవ్వకు చెప్పలేదా? నా మొగనికి చెప్పలేదా? చెప్పితే తలకాయ ఇంటది కాకా, కాళ్లు ఇంటయా?"

గట్టయ్య అరచేత్తో బల్ల చరిచాడు. కళ్లజోడు ఎగిరి కింద పడింది. "సైరన్ మోగాలె! ఏమన్నగానీ, ఎవలన్న జావనీ, సైరన్ మోగాలె! మోగకపోతే ఏమైతదో నీకేమెరుక? నాకెరుక!"

గదిలో అందరూ బిగుసుకుపోయారు. గట్టయ్యకు కోపం కొత్త కాదు. కానీ ఇది కోపంలా లేదు. మాట చివర ఆయన గొంతు పగిలింది. ఫెబా మెల్లగా అడిగింది.

"ఏమైతది కాకా?"

ఆయన తలుపు వైపు చూశాడు. అక్కడ వరండాలో గోడకు ఆనుకుని, తడిచీరతోనే సారవ్వ కూర్చుని ఉంది. పొద్దున తన వల్లే డ్రిల్లు చెడిపోయిందేమోనన్న బాధతో, కమిటీ ఏమంటుందో విందామని వచ్చింది. గట్టయ్య లేచాడు. తలుపు దాకా నడిచి, అక్కడే చతికిలబడి కూర్చున్నాడు.

"సారవ్వా, నీకొక మాట చెప్పాలె. ఇరవై ఆరేండ్ల సంది చెప్పాలెననుకుంటున్న."

"ఏంది గట్టన్నా?"

"నీ మొగడు ఆగయ్య మీద బాయి కప్పు కూలిన నాడు షిఫ్టు నాది."

"ఎరుకే గదా."

"సైరన్ ఎయ్యాల్నా అని దాని కాడుండే పిలగాడు అడిగిండు. నేనే వద్దన్న. జనమంత గేటు కాడికొస్తరు, తొక్కులాటైతది, మనిషిని తీసినంక చెప్పుదామన్న. నాలుగింటికి పైకి తెచ్చినం. అప్పటికి పానమున్నది సారవ్వా. నీ పేరే పిలిచిండు. సారూ, సారూ అనుకుంట రెండు మూడుసార్లు పిలిచిండు. ఐదు కాకముందే పోయిండు. సైరన్ మోగితే నువ్వు గేటు కాడ ఉందువు. నీ మొగడు నిన్ను సూసి పోతుండె."

ఇంత చెప్పి గట్టయ్య మొహం తుండుగుడ్డలో దాచుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు. రఘుపతి ఫైలు దారం విప్పి మళ్లీ కట్టాడు.  ఈ ముసలాయన సైరన్ కోసం రెండు నెలలుగా ఎందుకు కొట్లాడాడో ఫెబాకు ఇప్పుడు తెలిసింది. మొండితనమని తను ఇంట్లో ఎన్నిసార్లు తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

 వాన చూరు మీంచి ధారగా పడుతోంది. సారవ్వ ఆ ధారనే చూస్తూ అంది.

"ఆ నాడు పక్కింట్ల పిలగాన్ని తొట్టెల ఏసిన్రు. నేను పాట పాడుతున్న గట్టన్నా. నడుమల ఒకసారి భయమైంది, ఎందుకో తెల్వది. సైరన్ మోగలేదు గదా, అందరు మంచిగనే ఉన్నరని మళ్ల పాట అందుకున్న. అప్పటి సంది ఏ సైరన్ మోగినా ఉరుకుతున్న. మోగినప్పుడన్న అందాలెనని."

"నన్ను తిట్టు సారవ్వా. కొట్టు."

"నీతోని మాట్లాడేది నాకు మస్తున్నది. గియ్యాల గాదు. గియ్యాల నీళ్లొస్తున్నయ్." కొంగుతో కళ్లొత్తుకుని లేచి నిలబడింది. "టీచరమ్మ చెప్పింది నిజమే. సైరన్‌ను బాయికే ఇడిసిపెట్టుర్రి. నీళ్లకు ఇంకోటి సూడుర్రి. గుట్ట మీదికెళ్లి మోగేది ఒకటున్నది గదా, మీ చర్చి గంట!"

ఫెబా ఉలిక్కిపడి కిటికీలోంచి చూసింది. బడి పక్కనే చర్చి. అందులో గంట. ఆదివారం ఆదివారం దాని తాడు లాగేది పింఛన్ తీసుకునే ముసలి దావీదు. రెండు నెలలు ఆ గంట ఎదురుగానే కూర్చుని ప్రణాళిక రాసింది తను!

"బస్తీకంత ఇనవడ్తదా అది?" అని రఘుపతి అనుమానపడ్డాడు.

"ఇనవడకేం సార్!" అన్నాడు సదయ్య. "ఐతారం పొద్దున నా నిద్ర పాడు జేసేదే అది."

ఆ రోజు ఆ గదిలో నవ్వు వినపడింది అప్పుడే. అరగంటలో కొత్త కాగితం తయారైంది. వంతెన దగ్గర ఎర్ర గీతను కనిపెట్టుకుని సదయ్య ఉంటాడు. నీళ్లు గీతను తాకితే డప్పు కొడతాడు. డప్పు వినగానే దావీదు గంట అందుకుంటాడు, జనమంతా ఎక్కేదాకా ఆపడు. గంట మోగితే గుట్ట. సైరన్ ఇక బాయికి మాత్రమే. అందరూ సంతకాలు పెట్టారు. గట్టయ్య కళ్లజోడు పగిలింది కాబట్టి, ఎక్కడ పెట్టాలో ఫెబా వేలితో చూపించింది.

మిగిలింది జైపాల్‌కు చెప్పడం. లేకపోతే గీత తాకగానే అతను సైరన్ మోగిస్తాడు, పొద్దున జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఫోన్లు పొద్దున్నుంచి పని చెయ్యడం లేదు.

"నేను పెట్టిచ్చిన సైరన్. నేనే పోయి ఆపుత," అని గట్టయ్య గొడుగు తీసుకున్నాడు.

"కాకా, గీ వానల నువ్వొద్దు. ఎవలినన్న పంపుదాం."

"ఇంకొకలు చెప్పితే ఇనడు జైపాల్. ఆనికి నేను గట్ల చెప్పి పెట్టిన. జర పైలంగనే పోత తియ్యి."

నాలుగింటికి ఆయన గుట్ట దిగాడు. ఫెబా ఇంటింటికీ బయలుదేరింది. బస్తీలో ఏడు లైన్లు. మొదటి లైను మొదటి ఇంటి నుంచి ఒకటే మాట. "ఇనుర్రి, పొద్దున చెప్పింది మర్చిపోండ్రి. సైరన్ ఇంక నీళ్లకు గాదు. సైరనంటే బాయే. గంట మోగితే గుట్టకు రావాలె." జనం తలలూపారు. ఇది వాళ్లకు వెంటనే ఎక్కింది. ఎందుకంటే పుట్టినప్పటి నుంచి వాళ్లకు తెలిసిందే మళ్లీ చెబుతోంది. నాలుగు లైన్లు పూర్తయ్యాయి. వంతెన పక్కనే ఉన్న ఐదో లైను మొదట్లో, ఒకామె చేతికిచ్చిన టీ గ్లాసు పట్టుకుని, రెండో గుక్క తాగబోతోంది.

సైరన్ మోగింది.

ఆ తరువాత ఏం చేసిందో ఫెబాకు తెలియదు. టీ గ్లాసు ఎక్కడ పడేసిందో తెలియదు. చెప్పులు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. తెలివి వచ్చేసరికి వాగు దారిలో పరిగెత్తుతోంది. పొద్దున్నుంచి ఊరందరికీ బుద్ధి చెప్పిన టీచరమ్మ, నోట్లో ఒకటే పేరుతో, జాన్, జాన్ అనుకుంటూ, సరాసరి వంతెన మీదికే పోతోంది. వెనుక నాలుగు లైన్ల జనం. ఇప్పుడు వాళ్లను ఆపే మాట ఏముంది? సైరనంటే బాయేనని అరగంట కింద చెప్పింది ఆమే కదా!

వంతెన మొదట్లో ఎవరో ఆమె మణికట్టు పట్టుకుని గుంజి ఆపారు.

"పదారు, పదిహేడు... ఆగు బిడ్డా. పద్దెనిమిది."

సారవ్వ. కాళ్లు ఎడంగా పెట్టి, రెండో చెయ్యి బారుగా చాపి, వంతెనకు అడ్డంగా నిలబడి ఉంది. సైరన్ విని అందరికంటే ముందు వచ్చింది ఆమే. మోత మొదలైనప్పటి నుంచి లెక్కపెడుతూ వచ్చి, నీళ్లను చూసి, నిలబడిపోయింది. ఇరవై ఆరేళ్లలో సైరన్ మోగితే సారవ్వ ఆగడం అదే మొదటిసారి.

"అవ్వా, ఇడువు! జాన్ లోపట్నే ఉన్నడు!"

"ఎరుకే. ఇరవై. గంతకు మించి నాకు లెక్క రాదు, నువ్వు అందుకో. నిమిషానికి ఆగితే నీళ్ల సైరన్. గట్టన్న చెప్పక ముందే జైపాల్ మోగిచ్చిండన్నట్టు. ఆగకపోతే..."

 ఫెబా అందుకుంది. "ఇరవై ఒకటి. ఇరవై రెండు."

జనం వచ్చి మీద పడ్డారు. సారవ్వ వాళ్ల వైపు తిరిగి గొంతు చించుకుంది. "ఆగుర్రి! నేనే ఉరకనప్పుడు మీరెట్ల ఉరుకుతరే! టీచరమ్మ లెక్కవెడుతుంది, ఇనుర్రి!"

ఆ మాటకు ముందు వరస ఆగింది. సారవ్వ నిలబడిందంటే వాళ్ల కళ్లను వాళ్లే నమ్మలేకపోయారు. వెనుకవాళ్లు ముందువాళ్లను పట్టుకుని ఆగారు. కింద వాగు మట్టిరంగులో సుళ్లు తిరుగుతోంది. రాయి దగ్గర సదయ్య డప్పు కడుపుకు హత్తుకుని వంగి చూస్తున్నాడు. "గీతకు రెండు వేళ్ల మందమే తక్కువున్నది!" అని అరిచాడు.

"గట్టయ్య కాక దాటిండా?" అని అడిగింది ఫెబా, లెక్క వేలి మీద నిలుపుకుని.

"దాటిండక్కా. ఇరవై నిమిషాలైతుంది."

అంటే ఈపాటికి జైపాల్‌కు మాట చేరి ఉండాలి. చేరి ఉంటే ఇది నీళ్ల సైరన్ కాదు.  అయినా ఫెబా లెక్క వదల్లేదు. దోవలో ఎక్కడైనా కూలబడ్డాడేమో, గేటులో ఆపారేమో, జైపాల్ ఇంకా వినక, అవతలి నుంచి గీత మునిగినట్టే కనపడి మోగించాడేమో. నలభై. నలభై ఒకటి. జనం కూడా ఆమెతో కలిసి లెక్కపెడుతున్నారు. మొదట ఇద్దరు, తరువాత పదిమంది, తరువాత అందరూ. రెండు నెలలుగా వరద రాకూడదని మొక్కుకున్న బస్తీ మొత్తం, ఇది వరదే కావాలని ఇప్పుడు దేవుళ్లను వేడుకుంటోంది.

"యాభై ఏడు. యాభై ఎనిమిది."

సారవ్వ వేళ్లు మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"యాభై తొమ్మిది. అరవై."

అందరూ ఊపిరి బిగబట్టారు.

సైరన్ ఆగలేదు.

"అరవై ఒకటి," అంది ఫెబా. ఆమెతో ఇంకెవరూ అనలేదు. అరవై రెండు, అరవై మూడు అని ఆమె ఒక్కతే, చిన్నపిల్లలా, లెక్కపెట్టుకుంటూ పోయింది. డెబ్బై దగ్గర ఆమె గొంతు పూర్తిగా పోయింది. గుంపులో ఒక ఆడమనిషి మొగుడి పేరు పెట్టి పెద్దగా ఏడ్చింది.

అప్పుడే సదయ్య డప్పు మీద దెబ్బ పడింది. నీళ్లు గీతను తాకాయి. డప్పు వినగానే గుట్ట మీద చర్చి గంట మొదలైంది. ముందు నుంచి బాయి సైరన్, వెనుక నుంచి గంట. రెండూ ఆగడం లేదు. ఏది చెప్పేది నిజమని అడగడానికి లేదు. రెండూ నిజమే.

మూడు వందల మంది ఫెబా మొహంలోకి చూస్తున్నారు. ఆమె అటు ఒక అడుగు వేస్తే ఆ మూడు వందల మందీ వంతెన మీదుంటారు. వాళ్ల కాళ్ల దగ్గర వంతెన అంచుకు నీళ్లు అప్పుడే అందుతున్నాయి. ఆమె అవతలి గేటు వైపు ఒక్కసారి చూసింది. తరువాత దానికి వీపు పెట్టి నిలబడి, మెడలోని ఈల తీసి గట్టిగా ఊదింది.

"గుట్టకు నడువుర్రి! అందరు! ముసలోళ్లను ముందు తీస్కపోండ్రి!"

కొందరు తిట్టారు. కొందరు ఏడుస్తూ వెనక్కి తిరిగారు. ఒకరి వెనుక ఒకరు గుంపు కదిలింది. బస్తీ దారి మెల్లగా ఖాళీ అయింది. చివరికి వంతెన మొదట్లో ఇద్దరే మిగిలారు.

"నువ్వు గూడ నడువు బిడ్డా," అంది సారవ్వ.

ఫెబా కదల్లేదు. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. సారవ్వ ఆమె మణికట్టు వదల్లేదు.